వేదిక మీదికి రమ్మంటే...

మన శావల్యాపురం ప్రాంతంలో తిరునాళ్లలోనైనా, బడి వార్షికోత్సవంలోనైనా గారడీవాడు "ఒక బాబు రావాలి" అనగానే పిల్లలు చేతులెత్తుతారు. "వెళ్లరా" అని తోసేది మనమే. వెళ్లినవాడికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్న అమెరికాలో కోర్టుకెక్కింది. 2013 నవంబరులో లాస్ వేగాస్‌లోని ఎం.జి.ఎం. గ్రాండ్ హోటల్‌లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ ఇంద్రజాల ప్రదర్శన. ప్రేక్షకులలో 13 మందిని వేదికపై కూర్చోబెట్టి మాయం చేసి, కాసేపటికి హాలు వెనుక చూపించేవారు. మాయమంటే మరేమీ కాదు, తెరచాటున దించి, చీకటి దారుల్లో, బయటి సందులో గబగబా నడిపించి వెనుక తలుపు గుండా తేవడమే! ఆ పరుగులో బ్రిటన్ నుండి వచ్చిన వంటమాస్టరు ఒకాయన జారిపడ్డాడు. భుజం, మెదడు దెబ్బతిన్నాయనీ, వైద్యానికి 4 లక్షల డాలర్లకు పైగా అయిందనీ దావా వేశాడు. 2018 మే నెలలో జ్యూరీ ఏమన్నది? నిర్వాహకుల అజాగ్రత్త నిజమేనట, పరిహారం మాత్రం ఇవ్వనక్కరలేదట.

మాకది న్యాయంగా తోచలేదు. చీకటిలో పరుగెత్తించింది ఎవరు?

మన క్రిస్మస్ ఆటల్లోనూ కళ్లకు గంతలు కట్టి కుండ కొట్టిస్తాము. కర్ర అందేంత దూరంలోనే పసివాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్లను ముందుగా వెనక్కి జరపండి. గారడీవాడు పిలిస్తే "ఏమి చేయిస్తావయ్యా?" అని అడగండి. నిప్పు, కత్తి, మేకు అన్నాడా, బిడ్డను మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.