నూజివీడు నుంచి జిద్దా: దూరమెంత, సమయమెంత?

1995 వరకు మన హాజీలు బొంబాయిలో ఓడ ఎక్కి రోజుల తరబడి సముద్రం మీద ఉండేవారు. నేడు హైదరాబాదు నుంచి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి దాదాపు ఆరు గంటలు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కనుక కొంత తక్కువ పడుతుంది.

సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 10 గంటలకు బయలుదేరితే అక్కడ దిగేసరికి మధ్యాహ్నం 1.30. గడియారం మూడున్నర గంటలే చూపినా ఒంటికి గడిచింది ఆరు గంటలు. మధుమేహం ఉన్న పెద్దలు ఇన్సులిన్, భోజనం వేళలు డాక్టరు గారిని ముందే అడిగి రాసుకోవాలి. మందులు లగేజీలో వేయక చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

నేరుగా మక్కా వెళ్లేవారికి మీఖాత్ విమానంలో ఉండగానే దాటిపోతుంది. అందుకే ఇహ్రాం దుస్తులు ఎక్కకముందే ధరించడం మేలు. జిద్దా నుంచి మక్కాకు మరో 80 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణం.

దాతలకు మనవి: పేద వృద్ధులకు టికెట్టు ఒక్కటే చాలదు. వైద్య పరీక్ష, మందులు, తోడు వెళ్లే మనిషి ఖర్చు కూడా సాయంలో భాగమైతేనే ఆ ఆరు గంటలు సుఖంగా గడుస్తాయి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.