చెట్టు కూలి దీప మారినప్పుడు



మన ఉడుమలైపేటకు గాలి క్రొత్తది కాదు. ఉత్తరమున నీలగిరులకును దక్షిణమున ఆనమలలకును నడుమ, సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున, పాలఘాటు కనుమ కలదు. పడమటి కొండలు గోడవలె అడ్డగించిన నైరృతి పవనములకు ఆ కనుమయే వాకిలి. అందుచే జూను మొదలు ఆగస్టు వరకు గాలి అచ్చట వేగము పుంజుకొని మన వైపునకు దుమికి వచ్చును. ఆడిమాసపు గాలికి సన్నెకల్లు సైతము ఎగురునని తమిళుల సామెత. మన ప్రాంతమున గాలిమరలను త్రిప్పి విద్యుత్తును పుట్టించునది ఈ గాలియే. వీథిలోని చెట్టును తీగలపై కూల్చి విద్యుత్తును ఆపునదియు ఈ గాలియే. ఇక అక్టోబరు, నవంబరు మాసముల వానలకు నేల నాని వేళ్లపట్టు సడలినప్పుడు కొంచెపు గాలికే పెద్దచెట్టు ఒరిగిపోవును.

ఇల్లు చీకటియైన వెంటనే మన మడుగు ప్రశ్న “కరెంటు ఎప్పుడు వచ్చును?” అనునది. దానికి ముందు అడుగవలసినది “తీగ ఎక్కడ పడినది?” అని. ఏలయన, ఇంటిలో దీపము లేనంతమాత్రమున వీథిలోని తీగలో విద్యుత్తు లేదని తలంపరాదు. తెగిన తీగ పొడినేలపై గాని రాతిపై గాని పడినప్పుడు దానినుండి భూమిలోనికి పోవు ప్రవాహము స్వల్పము. అట్టి స్వల్పప్రవాహమునకు ఫ్యూజు కరుగక పోవచ్చును. అప్పుడు తీగ చచ్చిన పామువలె కనబడును గాని విషము పోదు.

అట్టి తీగకు కనీసము పది మీటర్ల దూరమున నుండవలెను. తీగను ముట్టకున్నను ప్రమాదము కలదు. తీగ తాకినచోట నేలలో వోల్టేజి అధికము, దూరమైనకొలది తగ్గును. పెద్ద అంగ వేసినచో రెండు పాదములకు నడుమ వోల్టేజి భేదమేర్పడి కరెంటు కాళ్లగుండ ప్రవహించును. పశువుల ముందుకాళ్లకును వెనుకకాళ్లకును ఎడము ఎక్కువ. కనుకనే అవి మనకంటె సులభముగా బలియగును. తెలియక తీగ సమీపమునకు పోయినవారు పరుగెత్తక, పాదములు రెండును చేర్చి, నేలనుండి ఎత్తకుండ కొంచెము కొంచెముగా జరుపుచు వెనుకకు రావలెను. తీగ తగిలి పడినవానిని చేతితో ముట్టరాదు. కఱ్ఱతో తీగను త్రోయుదమనుటయు సాహసమే. స్తంభముల మీది పెద్ద తీగలలో 11,000 గాని 22,000 గాని వోల్టులుండును. ఆ శక్తి యెదుట కఱ్ఱ నమ్మదగిన రక్షణ కాదు. విద్యుత్ సిబ్బందికి తెలిపి సరఫరా ఆపించుటయు, 108కి ఫోను చేయుటయు తగిన మార్గములు.

రెండవ పని ఇంటిలోని మెయిన్ స్విచ్చిని ఆపుట. దీనికి రెండు కారణములు కలవు. వీథిలో మూడు ఫేజు తీగలును ఒక న్యూట్రల్ తీగయు నుండును. ఫేజుకును న్యూట్రలుకును నడుమ 230 వోల్టులు. రెండు ఫేజులకు నడుమ సుమారు 400. కొమ్మ పడి న్యూట్రల్ మాత్రమే తెగినయెడల కొన్ని యిండ్ల దీపములు మసకబారును. మరికొన్ని యిండ్లలో వోల్టేజి 230ని మిక్కిలి మించిపోయి ఫ్రిజ్జులు, టీవీలు కాలిపోవును. దీపము వింతగా వెలిగినను, వింతగా తగ్గినను మెయిన్ ఆపవలెను.

రెండవ కారణము ఇంకను గొప్పది. నేడు అనేక గృహములలోను దుకాణములలోను జనరేటర్లు కలవు. మెయిన్ ఆపక, చేంజోవర్ స్విచ్చి లేక, జనరేటరును ఇంటి తీగలకు కలిపినచో ఆ కరెంటు వీథిలోనికి పోవును. ట్రాన్స్‌ఫార్మరు రెండువైపులను పనిచేయు సాధనము. పెద్ద వోల్టేజిని తగ్గించి మనకిచ్చునట్లే, మన 230 వోల్టులను వెనుకకు గ్రహించి వేలకు పెంచును. స్తంభముపై నున్న లైన్‌మన్ సరఫరా ఆగినదని నమ్మి తీగ పట్టుకొనును. వాన తడిలో మన వీథికొరకు స్తంభమెక్కిన మనుష్యుని ప్రాణము అప్పుడు మన యింటి స్విచ్చిపై ఆధారపడియుండును. జనరేటరును ఇంటిలోపల నడుపుటయు తగదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును.

తమిళనాడు విద్యుత్ వినియోగదారులకొరకు 2021లో ఏర్పడిన మిన్నగము రేయింబవళ్లు ఫిర్యాదులు స్వీకరించును. దాని సంఖ్య 94987 94987. వీథి పేరు, సమీపమున నున్న గుర్తు, బిల్లుపై నున్న సర్వీసు సంఖ్య సిద్ధముగా నుంచుకొని చెప్పవలెను.

తరువాత నిరీక్షింపవలెను. పునరుద్ధరణకు ఒక క్రమము కలదు. మొదట సబ్‌స్టేషను, పిదప పెద్ద తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వీథితీగలు, తుదకు ఒక్కొక్క యింటి సర్వీసు తీగ. ఎదురింట దీపము వెలిగి మన యింట వెలుగకుండుటకు పక్షపాతము కారణము కాదు. ఆ యిల్లు వేరొక ఫేజుపై నుండవచ్చును. 2018 నవంబరు 16న నాగపట్టణము, వేదారణ్యముల నడుమ తీరము దాటిన గజ తుఫానులో లక్షకు మించి స్తంభములు కూలినవి. కేరళనుండియు కార్మికులు వచ్చి తోడ్పడినను కొన్ని గ్రామములు వారములకొలది చీకటిలో గడపినవి.

వేచియున్న కాలమున ఫ్రిజ్జు తలుపు మాటిమాటికి తెరువకున్నచో లోని చల్లదనము సుమారు నాలుగు గంటలు నిలుచును. క్రొవ్వొత్తికంటె బ్యాటరీ దీపము మేలు. మోటారు నడువదు గనుక మిద్దెపై తొట్టిలోని నీటిని పొదుపుగా వాడవలెను.

ఇట్లని చెట్లపై పగబూనరాదు. తీగల క్రింద కొబ్బరి మొక్కను నాటకుండుట మన పని. తీగలకు తగులు కొమ్మలను కొట్టుట విద్యుత్ సిబ్బంది పని. తీగల చెంత ఇనుప గడలతో కాయలు కోయుట ఎన్నడును తగదు.

తెలుగు మాటాడుదురే గాని చదువ నేరని పెద్దలు మన యిండ్లలో ననేకులు. స్తంభములపై కపాలము బొమ్మ క్రింద తమిళమున వ్రాయు “అబాయం” మన “అపాయము”నకు భిన్నము కాదని వారికి తెలియును. ఆ అపాయ మెట్లు కలుగునో పలువురికి తెలియదు. ఈ వ్యాసమును ఇంట చదివి వినిపింపుడు. మెయిన్ స్విచ్చి ఎక్కడ నున్నదో పగటివేళనే ఇంటివారందరికిని చూపుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.