చెడిన మరను చక్కజేయుట

యంత్రములలోని పెద్ద భాగములు అందరి కన్నులకును కనబడును. వానిని నడపు చిన్న భాగములు మాత్రము చెడిపోయిన నాడుగాని మనకు జ్ఞప్తికి రావు. మోటారు సైకిలు ఇంజనులోని స్పార్కు ప్లగ్గు అట్టి చిన్న భాగము. అది అరచేతిలో ఇమిడిపోవును. దాని వెలయు స్వల్పమే. కాని దానిని పట్టియుంచు రంధ్రములోని మర చెడినచో బండి అంతయు నిలిచిపోవును. ఆ మర ఎట్టిది, అది ఎందువలన చెడును, చెడినదానిని పనివారు ఎట్లు చక్కజేయుదురు అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా ప్లగ్గు చేయు పనిని చూతము. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము సిలిండరులోనికి వచ్చును. పిస్టను పైకి లేచి ఆ మిశ్రమమును గట్టిగా నొక్కును. సరిగా ఆ సమయమున ప్లగ్గు కొనయందు విద్యుత్తువలన చిన్న నిప్పురవ్వ పుట్టును. మిశ్రమము భగ్గున మండి, వ్యాకోచించి, పిస్టనును క్రిందికి త్రోయును. ఆ త్రోపుడే చక్రమును త్రిప్పు శక్తి. సిలిండరునకు మూతవలె నుండు భాగమును సిలిండరు హెడ్డు అందురు. ప్లగ్గు ఈ హెడ్డులోని రంధ్రములో మరతో బిగింపబడి యుండును.

మర యనగా నేమి? ఒక కాగితమును లంబకోణ త్రిభుజముగా కత్తిరించి పెన్సిలునకు చుట్టి చూడుడు. దాని వాలు అంచు పెన్సిలు చుట్టును మెలికలు తిరుగుచు పైకి ప్రాకును. మర ఇట్టిదే, అది స్తంభమునకు చుట్టిన వాలుదారి. తిరుమల కొండను నిట్టనిలువుగా ఎక్కలేని బస్సు, మలుపుల దారిని చుట్టుచు మెల్లగా ఎక్కును గదా! మరయు అట్లే, చేతి యొక్క కొద్దిపాటి బలమును గొప్ప బిగువుగా మార్చును. ఒక పూర్తి చుట్టు త్రిప్పినప్పుడు మర ఎంత దూరము ముందునకు సాగునో ఆ దూరమును దాని పిచ్చి అందురు.

ఒకప్పుడు ప్రతి కర్మాగారమును తనకు తోచిన కొలతలతో మరలు చేసికొనెడిది. ఒకచోట చేసిన మర వేరొకచోట చేసిన రంధ్రమునకు సరిపడెడిది కాదు. 1841లో ఇంగ్లండునందు జోసెఫ్ విట్‌వర్తు అను ఇంజనీరు మరలకన్నిటికిని ఒకే కొలత పద్ధతి ఉండవలెనని ప్రతిపాదించెను. ఆయన నిర్ణయించిన చుట్ల కోణము 55 డిగ్రీలు. నేటి మెట్రికు మరలలో అది 60 డిగ్రీలు. 1955లో మద్రాసునందు స్థాపింపబడిన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ కూర్చిన బుల్లెట్టువంటి బండ్లలో ప్లగ్గు మర వ్యాసము 14 మిల్లీమీటర్లు, పిచ్చి 1.25 మిల్లీమీటర్లు. నేటి చిన్న బండ్లు అనేకములలో ఆ వ్యాసము 10 మిల్లీమీటర్లే. కొలతలు ఇట్లు స్థిరపడినందువలననే ఏ ఊరిలో కొన్న ప్లగ్గయినను బండికి సరిపడుచున్నది. చెడిన మరను ఆ కొలతకే మరల తెచ్చుటకును వీలగుచున్నది.

ఈ మర మోయు బరువు ఎంత? ఒక లెక్క చేసి చూతము. మిశ్రమము మండునప్పుడు సిలిండరులోని పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 50 రెట్ల వరకు పెరుగవచ్చును. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై దాదాపు 50 కిలోగ్రాముల బలము. 14 మిల్లీమీటర్ల రంధ్రపు వైశాల్యము సుమారు ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. కావున ప్లగ్గును పైకి త్రోయు బలము సుమారు 75 కిలోగ్రాములు. ఒక పెద్దమనిషి బరువంత బలము! నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 3,000 మారులు తిరుగుచున్నచో ఈ దెబ్బ సెకనునకు 25 సార్లు తగులుచుండును. మంట యొక్క వేడిమి 2,000 డిగ్రీలను మించును. ఇంత బలమును, ఇంత వేడిమిని ఓర్చి ప్లగ్గును పట్టియుంచునవి పది పదునైదు సన్నని మరచుట్లు మాత్రమే.

హెడ్డు అల్యూమినియపు మిశ్రలోహముతో చేయబడును. అది తేలికయైనది, వేడిమిని త్వరగా వెలుపలికి పంపును. కాని ఉక్కుకంటె మెత్తనిది. ప్లగ్గు పైతొడుగు ఉక్కు. మెత్తనిదియు గట్టిదియు పెనుగులాడినచో నష్టపడునది మెత్తనిదే గదా. అందువలన ప్లగ్గు మీది చుట్లు చెక్కుచెదరక యుండగా హెడ్డులోని చుట్లు అరిగిపోవును.

ఈ నష్టమునకు ముఖ్యకారణములు మూడు. మొదటిది అతిగా బిగించుట. 14 మిల్లీమీటర్ల ప్లగ్గునకు, 20 సెంటీమీటర్ల పొడవు గల స్పానరు చివర 12 లేక 13 కిలోగ్రాముల బలము చాలును. బలశాలి అంతకు రెండు మూడు రెట్లు సులభముగా వేయగలడు. రెండవది ప్లగ్గును ఏటవాలుగా పెట్టి స్పానరుతో త్రిప్పుట. అప్పుడు ఉక్కుచుట్లు పాత గాడిలో నడువక, అడ్డముగా క్రొత్త గాడిని కోసికొనుచు పోవును. మూడవది ఇంజను వేడిగా నున్నప్పుడు ప్లగ్గును ఊడదీయుట. వేడి చేసినప్పుడు అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. వేడిమీద ఆ మర మరింత మెత్తబడి యుండును. మసి పట్టిన ప్లగ్గును అట్టి సమయమున బలవంతముగా త్రిప్పినచో చుట్లు కూడ దానితో ఊడివచ్చును.

మర చెడిన గుర్తులు స్పష్టముగనే యుండును. ప్లగ్గు ఎంత త్రిప్పినను బిగువు ఎక్కక తిరుగుచునే యుండును. దాని మొదట నల్లని నూనెమసి చేరును. బండి నడచునప్పుడు "చుస్సు చుస్సు" మను ధ్వని వినవచ్చును. ఊడదీసినప్పుడు ప్లగ్గు చుట్లలో వెండివలె మెరయు సన్నని అల్యూమినియపు తీగ కనబడినచో, అదియే హెడ్డులోని మర. అట్టి బండిని నడపరాదు. ప్లగ్గు ఒక్కసారిగా ఎగిరిపోవచ్చును. పెట్రోలు ట్యాంకు దానికి సమీపముననే యున్నదని మరువరాదు.

చెడిన మరను చక్కజేయు పద్ధతులు కొన్ని కలవు. మొదటి ఒకటి రెండు చుట్లు మాత్రమే నలిగినచో పాత గాడులనే శుభ్రపరచు ట్యాపును పోనిచ్చినచో చాలును. మరకోయు ఉక్కు పనిముట్టును ట్యాపు అందురు. చుట్లన్నియు పోయినచో వేరు ఉపాయము కావలెను. పూర్వము రంధ్రమును వెల్డింగుతో నింపి, మరల తొలిచి, క్రొత్త మర కోసెడివారు. ఆ వేడికి హెడ్డు వంకరపోవు ప్రమాదమును, లోహము మెత్తబడు ప్రమాదమును కలవు. కొందరు లేతుపై కంచుగొట్టమును తయారుచేసి రంధ్రములో బిగించెడివారు. ఇప్పుడు ఎక్కువగా వాడుక యందున్నది ఉక్కుతీగ చుట్ట. హెలికాయిలు అను పేరుతో ఇది ప్రసిద్ధి పొందినది.

తుప్పుపట్టని ఉక్కుతీగను స్ప్రింగువలె చుట్టి ఈ చుట్టను చేయుదురు. తీగ అడ్డుకోత గుండ్రముగా గాక ముగ్గులోని చతురపు గడివలె నాలుగు మూలలతో నుండును. అందువలన చుట్ట వెలుపల ఒక మరయు, లోపల ఒక మరయు ఏకకాలమున ఏర్పడును. వెలుపలి మర హెడ్డును పట్టుకొనును; లోపలి మర 14 మిల్లీమీటర్ల ప్లగ్గును స్వీకరించును.

పని ప్రారంభించుటకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. హెడ్డును విప్పి బల్లపై పెట్టి చేయుట ఉత్తమము. హెడ్డు బండిమీద నుండగనే చేయవలసి వచ్చినచో అల్యూమినియపు రజను సిలిండరులో పడకుండ కాపాడుట ప్రధానము. ట్యాపు గాడులలో గ్రీజు దట్టముగా పూసినచో రజను దానికి అంటుకొనును. కొంత కోసిన పిదప ట్యాపును వెలికి తీసి, తుడిచి, మరల గ్రీజు పూయవలెను. తొందరపడి ఈ శ్రమను మానినచో రజను పిస్టనుకును సిలిండరు గోడకును నడుమ చిక్కి రెంటిని గీచివేయును. అప్పుడు చిన్న మరమ్మతు పెద్ద ఖర్చుగా మారును.

తీగచుట్టకు తగిన ట్యాపు ప్రత్యేకమైనది. దాని వ్యాసము సుమారు 15.6 మిల్లీమీటర్లు. ప్లగ్గు రంధ్రములకై చేసిన ట్యాపు మొదటిభాగము సన్నముగా నుండి పాత రంధ్రములో దారి చూపును; వెనుకభాగము క్రొత్త మరను కోయును. ఈ ఘట్టమున పనివాని నేర్పు తెలియును. ట్యాపు నిటారుగా నిలిచినదా లేదా అని మూలమట్టముతో రెండు ప్రక్కల నుండి చూడవలెను. పిదప అర చుట్టు ముందునకు, పావు చుట్టు వెనుకకు త్రిప్పుచు పోవలెను. వెనుకకు త్రిప్పినప్పుడు రజను తెగి చిన్న తునకలగును, ట్యాపు బిగుసుకొనదు. హెడ్డు బల్లపై నున్నచో కిరసనాయిలు చుక్కలు వేయుచుండిన కోత నునుపుగా వచ్చును. మొదటి రెండు చుట్లు ఒరిగినచో తక్కినవన్నియు ఒరుగును. ప్లగ్గు ఎన్నటికిని సమముగా కూర్చుండదు.

కోత పూర్తియైన పిదప రంధ్రమును శుభ్రముగా తుడిచి, తీగచుట్టను దాని పనిముట్టుపై ఎక్కించి మెల్లగా త్రిప్పుదురు. చుట్ట తన స్వభావముచేత రంధ్రముకంటె కొంచెము పెద్దది. లోనికి పోవునప్పుడు ముడుచుకొని, పిదప విచ్చుకొని గోడను గట్టిగా పట్టుకొనును. పై అంచునకు పావు చుట్టు నుండి అర చుట్టు వరకు లోతుగా అది ఆగవలెను. క్రిందివైపున మంటగదిలోనికి పొడుచుకొని రాకూడదు. వచ్చినచో ఆ కొన ఎఱ్ఱగా కాలి, నిప్పురవ్వకు ముందే మిశ్రమమును అంటించును. కావున చుట్ట పొడవును ముందే కొలిచి ఎన్నుకొనవలెను. చుట్ట అడుగున త్రిప్పుటకై వంచిన చిన్న తోక యుండును. దానిని సన్నని పటకారుతో పట్టుకొని విరిచి వెలికి తీయుదురు. హెడ్డు బండిమీదనే యున్నచో, ప్లగ్గు పెట్టుటకు ముందు నిప్పురవ్వ పుట్టకుండ ఏర్పాటు చేసి, కిక్కు కొట్టి, మిగిలిన రజనును గాలితో వెలికి పంపుదురు. అప్పుడు ముఖమును రంధ్రమునకు దూరముగా నుంచుకొనవలెను.

ఇట్లు చక్కజేసిన మర పాతదానికంటె బలమైనది. ఏలయన, అల్యూమినియము ఇప్పుడు 14కు బదులు 15.6 మిల్లీమీటర్ల వ్యాసముపై బరువు మోయుచున్నది. తీగచుట్ట కొంచెము సాగు గుణము గలది గనుక బరువు ఒకే చుట్టుపై పడక చుట్లన్నిటికిని పంపకమగును. ఇకమీదట ప్లగ్గును ఎన్నిమార్లు తీసి పెట్టినను ఉక్కు ఉక్కుతోనే రాచుకొనును. మెత్తని అల్యూమినియమునకు ఆ రాపిడి తగులదు.

కాని చెడనిచ్చి బాగుచేయుటకంటె చెడకుండ కాపాడుటయే మేలు. అందుకు పనివారు పాటించు నియమము మిక్కిలి సులభమైనది. ప్లగ్గును శుభ్రపరచి, ముందుగా వ్రేళ్ళతోనే పట్టి రంధ్రములో పెట్టి, ఒకసారి ఎడమవైపునకు త్రిప్పవలెను. చుట్లు ఒకదానిలో ఒకటి కూర్చున్నప్పుడు చిన్న "టక్కు" మను స్పర్శ వ్రేళ్ళకు తెలియును. అటుపిమ్మట కుడివైపునకు త్రిప్పవలెను. ప్లగ్గు అడుగు తాకువరకు వ్రేళ్ళతోనే పోవలెను. నడుమ ఎక్కడైన పట్టినచో స్పానరు కొరకు చేయి చాపక, ప్లగ్గును వెలికి తీసి కారణము చూడవలెను. అడుగు తాకిన తరువాత క్రొత్త వాషరు గల ప్లగ్గునకు సుమారు అర చుట్టును, వాడిన ప్లగ్గునకు చుట్టులో పండ్రెండవ వంతును మాత్రమే స్పానరుతో బిగింపవలెను. బండితో వచ్చిన పుస్తకమున వేరు కొలత ఉన్నచో దానినే అనుసరింపవలెను.

విద్యార్థులారా, ఈ పనిని అనుభవము గల పనివాని చెంత నిలిచి చూచి నేర్చుకొనుడు. అతడు స్పానరును ఎప్పుడు పట్టుకొనునో, అంతకంటె ముఖ్యముగా, ఎంతసేపు పట్టుకొనక వ్రేళ్ళతోనే పనిచేయునో గమనింపుడు. సెకనునకు 25 దెబ్బలను ఓర్చు మరను ఒక్క క్షణపు తొందర పాడుచేయగలదు. దానినే ఒక గంట ఓర్పు తిరిగి నిలబెట్టగలదు.