మోకాలు మార్పించుకోవాలా?

"గుజ్జు అరిగిపోయింది, ఆపరేషన్ తప్ప దారి లేదు" అన్న మాట వినని ఇల్లు ఇప్పుడు తక్కువే. అరగడం నిజమే. మోకాటి దగ్గర ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి పలచబడుతుంది, ఎక్స్-రేలో ఎముకల మధ్య ఎడం తగ్గినట్టు కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని సున్నా నుంచి నాలుగు వరకు గ్రేడులు కడతారు. చిక్కంతా ఏమిటంటే గ్రేడుకూ నొప్పికీ పొంతన కుదరదు. ఫిల్ములో మోకాలు పూర్తిగా అరిగినా పనులు చేసుకునేవాళ్లుంటారు. కొద్దిపాటి అరుగుదలకే మెట్లెక్కలేనివాళ్లూ ఉంటారు. అందుకే ఫిల్ము ఒక్కదాన్నే చూసి ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవడం తొందరపాటే.

ఈ విషయంలో 2015లో వెలువడిన డెన్మార్క్ పరిశోధన ఎంతో విలువైనది. మోకీలు మార్పిడికి తగినవారని తేలిన 100 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్ చేసి, ఆ తర్వాత 12 వారాల పాటు వ్యాయామం, బరువు తగ్గే సలహాలు, అవసరమైన మందులు ఇచ్చారు. రెండో జట్టుకు ఆపరేషన్ తప్ప మిగతావన్నీ ఇచ్చారు. ఏడాది తర్వాత నొప్పిని, పనితీరును 100కు లెక్కించే స్కోరు మొదటి జట్టులో 32.5 పాయింట్లు, రెండో జట్టులో 16 పాయింట్లు మెరుగుపడింది. అంటే ఆపరేషన్‌దే పైచేయి. అయితే రెండో జట్టులోని 50 మందిలో ఆ ఏడాది ఆపరేషన్‌కు వెళ్లింది 13 మందే. తీవ్రమైన దుష్ఫలితాలు మొదటి జట్టులో 24, రెండో జట్టులో 6. నొప్పి మరీ విపరీతంగా ఉన్నవారిని ఈ పరిశోధనలో చేర్చుకోలేదన్నది మరవకూడదు.

వ్యాయామమంటే నడక ఒక్కటే అనుకుంటారు. ముఖ్యంగా బలపడాల్సింది తొడ ముందు కండరం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి, దబ్బున కూలబడకుండా నిదానంగా కూర్చోవాలి. మొదట్లో నొప్పి కాస్త పెరగవచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు. ఒక కిలో బరువు తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉపశమనం కొన్ని వారాలే. చిన్న గాటు పెట్టి కీలు కడిగే ఆపరేషన్ మాత్రం వద్దు. చర్మానికి గాట్లు మాత్రమే పెట్టిన ఉత్తుత్తి ఆపరేషన్ కన్నా అది మేలు కాదని 2002లోనే అమెరికాలో తేలింది.

మార్చిన మోకాళ్లలో నూటికి 80కి పైగా పాతికేళ్లు నిలుస్తాయని 2019లో ఒక పెద్ద విశ్లేషణ అంచనా వేసింది. కానీ యాభైల్లో చేయించుకున్నవారికి మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం, డెబ్బై దాటినవారికన్నా చాలా ఎక్కువ. సుమారు అయిదుగురిలో ఒకరు ఫలితంతో తృప్తిపడరు. మన ఇళ్లలో మరో పేచీ ఉంది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకరిల్లడం ఆపరేషన్ తర్వాత చాలామందికి కష్టం. పూజ పీట మీదా కుర్చీలోనా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

రాత్రి నొప్పికి నిద్ర పట్టక, కాలు వంకరపోయి, వ్యాయామం కొన్ని నెలలు సక్రమంగా చేసినా వీధి చివరికి వెళ్లలేకపోతుంటే ఆపరేషన్‌కు భయపడి వెనకాడటం కూడా తప్పే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎక్స్-రేతో పాటు, ఈ వారంలో ఏ పని చేయబోయి ఆగిపోయారో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. "ఇప్పుడు చేయించుకోకపోతే ఏమవుతుంది?" అని తప్పకుండా అడగండి.