చూపు నుంచి స్పర్శకు: దృష్టిలోపం గల విద్యార్థుల స్పర్శ చిహ్నాలు – ఇచ్చోడ పరిసరాల అన్వయం

ప్రవేశిక

తెలుగులో 'చూచు' ధాతువు కంటికి మాత్రమే పరిమితమైనది కాదు. రుచి చూడటం, వాసన చూడటం, తాకి చూడటం, అడిగి చూడటం వంటి ప్రయోగాలన్నీ భాషలో సహజంగా ఉన్నాయి. పుట్టుకతో చూపు లేనివారు కూడా 'నిన్న వాళ్ళను చూసి వచ్చాను' అనే అంటారు. భాష ఇంత ఉదారంగా ఉన్నా, బడిలో బోధన మాత్రం కంటిని నమ్ముకొని సాగుతున్నది. నల్లబల్ల, బొమ్మల పుస్తకం, గోడ పటం అన్నీ కంటి కోసం ఏర్పడినవే. వీటి స్థానంలో వేళ్ళకు అందే సంజ్ఞలను ఏర్పరచవలసి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కంటికి పోలికగా కనిపించేది వేలికి కూడా పోలికేనా? అక్షరం దాకా రాలేని బిడ్డకు భాష ఏ రూపంలో అందాలి? ఈ రెండు ప్రశ్నలను తెలుగు బ్రెయిలీ, స్పర్శ చిహ్నాల ఆధారంగా పరిశీలించి, ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ పరిసరాలకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పోలికను వదిలిన లిపి

పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లో వాలెంటిన్ ఆయీ అంధుల కోసం పాఠశాల స్థాపించినప్పుడు, రోమన్ అక్షరాలనే కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. చూపున్న ఉపాధ్యాయునికి అవి సుపరిచితమైన అక్షరాలే. విద్యార్థి మాత్రం ప్రతి అక్షరం వంపునూ వేలితో తడుముకుంటూ నెమ్మదిగా సాగవలసి వచ్చేది. అదే పాఠశాలలో చదివిన లూయీ బ్రెయిలీ (1809–1852), సైన్యంలో పనిచేసిన చార్లెస్ బార్బియే రూపొందించిన పన్నెండు చుక్కల రాత్రి రాతను సగానికి తగ్గించి, 1829లో ఆరు చుక్కల పద్ధతిని ప్రచురించాడు. ఆరు చుక్కల గడి వేలికొనకు ఒక్క స్పర్శలో అందుతుంది. బ్రెయిలీ చేసిన అసలు మార్పు చుక్కల సంఖ్యను తగ్గించడం కాదు, అచ్చు అక్షరంతో పోలికను పూర్తిగా వదిలివేయడం. చూపున్నవారికి అది అపరిచితంగా కనిపించడమే తొలినాళ్ళలో దానిపై వచ్చిన ప్రధాన అభ్యంతరం.

భారతదేశంలో వివిధ భాషలకు వేర్వేరుగా సాగిన బ్రెయిలీ ప్రయత్నాలు 1951లో భారతీ బ్రెయిలీగా ఏకమయ్యాయి. ఇది ధ్వనిని ఆధారంగా చేసుకొన్న పద్ధతి. గడిలో ఎడమ నిలువు వరుసలోని చుక్కలను పై నుంచి కిందికి 1, 2, 3 అనీ, కుడి వరుసలోని వాటిని 4, 5, 6 అనీ లెక్కిస్తారు. 'క'కు 1-3 చుక్కలు, 'ల'కు 1-2-3, 'మ'కు 1-3-4. హిందీలోనూ మరాఠీలోనూ ఈ ధ్వనులకు ఇవే చుక్కలు. తెలుగు, దేవనాగరి లిపులు కంటికి ఏమాత్రం పోలికలేనివి. వేలికి మాత్రం అవి ఒకే లిపి. తెలుగుతో పాటు మరాఠీ, హిందీ నిత్యం వినిపించే ఆదిలాబాద్ జిల్లాలో ఇది చిన్న సౌలభ్యం కాదు. తెలుగు బ్రెయిలీ నేర్చిన విద్యార్థి మరాఠీ చదవడానికి కొత్త వర్ణమాల నేర్చుకోనక్కరలేదు.

గుణింతాల విషయంలో మరింత ఆసక్తికరమైన భేదం ఉన్నది. అచ్చు తెలుగులో అచ్చు గుర్తులు హల్లు చుట్టూ పైనా కిందా పక్కనా చేరుతాయి. బ్రెయిలీలో అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. 'కి' రాయడానికి 'క' గడి తరువాత 'ఇ' గడి (2-4) వస్తుంది. 'కాకి' నాలుగు గడుల మాట. 'అమ్మ' కూడా నాలుగు గడులే: అ, పొల్లు గుర్తు, మ, మ. ఇక్కడ పొల్లు గుర్తు (4వ చుక్క) హల్లుకు ముందు వస్తుంది. రాబోయే హల్లులో అచ్చు లేదని వేలికి ముందే తెలుస్తుందన్నమాట. అచ్చులో ద్విత్వ సంయుక్తాలలోని రెండో హల్లు వత్తుగా మారి కిందికి దిగుతుంది. బ్రెయిలీలో ఏ హల్లూ తన రూపాన్ని మార్చుకోదు. ఉచ్చారణ క్రమానికి బ్రెయిలీయే దగ్గరగా ఉన్నదని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

దీనివల్ల సాధారణ తరగతి గదిలో ఒక చిక్కు వస్తుంది. 'క'కు గుడి ఇస్తే 'కి', కొమ్ము ఇస్తే 'కు' అని తరగతి అంతా వల్లె వేస్తుంటే, ఆ గదిలో ఉన్న బ్రెయిలీ విద్యార్థికి గుడి అన్నది ఎక్కడా తగలదు. గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం అనేవి అచ్చు అక్షరాల ఆకారాలకు ఏర్పడిన పేర్లు. 'క పక్కన ఇ చేరితే కి' అని ఉపాధ్యాయులు ఒక్క వాక్యం అదనంగా చెబితే పాఠం ఇద్దరికీ చేరుతుంది. దీనికి ఏ పరికరమూ అవసరం లేదు.

వస్తువే మాట అయినప్పుడు

బ్రెయిలీ భాష వచ్చినవారికి లిపి. వినికిడి, మాట ఉన్న అంధ విద్యార్థి భాషను చెవి ద్వారా సంపాదించుకొని తరువాత బ్రెయిలీకి వస్తాడు. చూపుతో పాటు వినికిడి కూడా లోపించిన బిడ్డ, లేదా బౌద్ధిక వైకల్యం కూడా ఉన్న బిడ్డ పరిస్థితి వేరు. 'ఈ బిడ్డకు బ్రెయిలీ రాదు' అని తేల్చిన చోట చాలాసార్లు విద్య కూడా ఆగిపోతుంది. నిజానికి అక్కడ ఆగవలసింది బ్రెయిలీ మాత్రమే. అక్షరానికి ముందు మెట్లు ఉన్నాయి.

నెదర్లాండ్స్‌లోని సింట్ మిఖిల్స్‌గెస్టెల్‌లో యాన్ వాన్ డైక్, గర్భస్థ దశలో రుబెల్లా సోకి చూపూ వినికిడీ కోల్పోయిన పిల్లలతో 1960ల నుంచి పనిచేశాడు. ఒక పనికి ముందు ప్రతిసారీ ఒకే వస్తువును బిడ్డ చేతికి అందిస్తే, కొంతకాలానికి ఆ వస్తువే ఆ పనికి సంకేతమవుతుందని ఆ కృషి చూపింది. అమెరికాలోని ఆరెగాన్‌లో చారిటీ రోలండ్, ఫిలిప్ ష్వైగర్ట్ ఈ ఆలోచనను స్పర్శ చిహ్నాల పద్ధతిగా విస్తరించారు. వారు గుర్తించిన ఒక అంశం భాషాధ్యయనం చేసేవారికి ముఖ్యమైనది. పలికిన మాట, చేతి సైగ పుట్టిన క్షణంలోనే మాయమవుతాయి. వాటిని జ్ఞాపకం నుంచి వెలికి తీయాలి. చిహ్నం చేతిలోనే ఉంటుంది. దానిని గుర్తుపడితే చాలు. జ్ఞాపకం మీద భారం తగ్గుతుంది.

ఈ చిహ్నాలు అర్థాన్ని ఇచ్చే తీరును మన అలంకారశాస్త్రంలోని శబ్దశక్తుల చర్చతో పోల్చి చూడవచ్చు. స్నానానికి ముందు అదే మగ్గు ఇస్తే అది వాచ్యార్థానికి దగ్గర. మగ్గు పిడి మాత్రమే ముక్కగా ఇస్తే భాగం చేత మొత్తాన్ని గ్రహించడం, అంటే లక్షణ. గంగలో పల్లె ఉన్నదంటే గంగ ఒడ్డున ఉన్నదని సామీప్య సంబంధంతో గ్రహించినట్లే, సబ్బు కవరును తాకి స్నానాన్ని గ్రహించడం జరుగుతుంది. 'అయిపోయింది', 'ఇంకా కావాలి' వంటి భావాలకు తాకదగిన వస్తువు లేదు. వాటికి ఒక గరుకు చతురస్రమో నునుపు వలయమో కేటాయించి వాడుక చేత స్థిరపరచాలి. ఇది రూఢి. బిడ్డ వాచ్యం నుంచి లక్షణకు, లక్షణ నుంచి రూఢికి నడుస్తాడు. అందరూ చివరి మెట్టు దాకా రావాలన్న నియమం లేదు.

అక్షరాలు నేర్వకముందు హెలెన్ కెల్లర్ రొట్టె కావాలంటే రొట్టె కోసి వెన్న రాస్తున్నట్లు చేతులతో అభినయించేది. 1887లో నీటి పంపు దగ్గర ఆన్ సలివాన్ చేతిలో రాసిన మాట ఆమెకు అర్థమైన ఘట్టం లోకప్రసిద్ధం. ఆ ఘట్టానికి ముందే ఆమె సొంత సైగలతో ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతూ ఉండేదన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మన దేశంలో చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల విద్య 1977లో ముంబయిలోని హెలెన్ కెల్లర్ సంస్థతో వ్యవస్థితంగా మొదలైంది. 1997లో అహ్మదాబాద్ కేంద్రంగా సెన్స్ సంస్థ పని ప్రారంభించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జంట లోపాన్ని బహుళ వైకల్యాలలో చేర్చింది. అంతేకాక 'కమ్యూనికేషన్' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో బ్రెయిలీతో పాటు స్పర్శ ద్వారా సాగే భావవినిమయాన్ని విడిగా పేర్కొన్నది. కాబట్టి బ్రెయిలీ రాని బిడ్డకు స్పర్శ చిహ్నం ఇవ్వడం దయతో చేసే అదనపు పని కాదు.

ఇచ్చోడ పరిసరాలలో ఏది చిహ్నం?

ఇచ్చోడ 44వ జాతీయ రహదారిపై నిర్మల్, ఆదిలాబాద్‌ల మధ్య ఉన్న మండల కేంద్రం. చుట్టూ పత్తి చేలు, గోండు గూడేలు, కొలాం గూడేలు, లంబాడీ తండాలు. ఈ నేలపై తయారైన బొమ్మల పెట్టెను తెరిస్తే ముందుగా గుర్తుకు వచ్చేవి నిర్మల్ కొయ్యబొమ్మలు. తేలికైన పొనికి కర్రతో చేసిన పండ్లు, కూరగాయలు, పక్షులు కంటికి అచ్చమైనవిగా కనిపిస్తాయి. వాటినే స్పర్శ చిహ్నాలుగా వాడవచ్చు కదా అన్న ఆలోచన సహజం. వేలికి మాత్రం కొయ్య మామిడిపండూ కొయ్య వంకాయా ఒకే నునుపు, ఒకే రంగు వాసన, దాదాపు ఒకే బరువు. మామిడిపండును చేతులు గుర్తుపట్టేది తొడిమ దగ్గరి జిగట, పండిన మెత్తదనం, వాసన ద్వారా. బొమ్మ ఆ మూడింటినీ వదిలి రంగును, ఆకారాన్ని పట్టుకొన్నది. ఇది కళాకారుని లోపం కాదు, ఆ కళ కంటి కోసం పుట్టింది. ఆయీ ఉబ్బెత్తు అక్షరాలలో జరిగిన పొరపాటే ఇక్కడా పొంచి ఉన్నది. జైనూర్ మండలం ఉషేగాం ఓజుల డోక్రా పోతపనిలో తీగ చుట్టల గరుకుదనం వేలికి స్పష్టంగా తగులుతుంది. స్పర్శ దృష్టితో చూస్తే అది చిహ్నాల తయారీకి మెరుగైన ఆధారం. బరువు, ఖరీదు మాత్రం అడ్డంకులు.

తయారీ కిట్లలో మరో రకం చిక్కు ఉన్నది. పాశ్చాత్య నమూనాలలో భోజనానికి చెంచా చిహ్నం. జొన్న రొట్టెనూ గట్కనూ చేత్తో తినే ఇంట బిడ్డ చెంచాను ఏనాడూ పట్టి ఉండడు. ఆ బిడ్డకు భోజనమంటే మోకాలి ముందు తగిలే స్టీలు పళ్ళెం అంచు. నిద్రకు దిండు గలీబు ముక్క కన్నా పాత చీరలతో కుట్టిన బొంత ముక్క సరైనది; కుట్టు వరుసలు వేలికి తెలుస్తాయి. చేనుకు పోవడానికి విడి దూది కాదు, ఎండి బిరుసెక్కిన పత్తికాయ డొప్ప. దూది పట్టణంలో మందుల దుకాణంలోనూ దొరుకుతుంది, డొప్ప చేనులోనే గీసుకుంటుంది. అమ్మకు గాజు అని చాలామంది సూచిస్తారు. ఇంట్లో నలుగురు ఆడవాళ్ళకూ గాజులు ఉన్నప్పుడు అది ఎవరి పేరూ కాదు. అమ్మ చేతికే ఉండే ఒక కడియం, లేదా పత్తి ఏరేటప్పుడు నడుముకు కట్టుకొనే ఒడి గుడ్డ ముక్క అయితే అది అమ్మే. ఏ వస్తువు బిడ్డ చేతికి ముందే తెలుసునో ఇంటివారినే అడగాలి. ఉపాధ్యాయుడు బల్ల దగ్గర కూర్చొని నిర్ణయించగలిగిన విషయం కాదు ఇది.

చిహ్నానికి ఇంటి భాష

బ్రెయిలీ ఏదో ఒక భాషలో ఉండాలి. స్పర్శ చిహ్నానికి ఆ నిర్బంధం లేదు. చెంబు అంచు ముక్కను తాకించి తల్లి గోండిలో 'ఏర్' అన్నా, టీచర్ తెలుగులో 'నీళ్ళు' అన్నా, పొరుగువారు మరాఠీలో 'పాణీ' అన్నా చిహ్నం మారదు. కొద్దిపాటి వినికిడి ఉన్న గోండు బిడ్డకు ఇంటి మాటకూ బడి మాటకూ మధ్య ఈ ముక్క వంతెన కాగలదు. అందువల్ల చిహ్నం అందించేటప్పుడు పలికే మాట మొదట ఇంటి భాషలో ఉండటం అవసరం. బడి భాష పక్కన చేరవచ్చు. తెలుగు లేబుల్ మాత్రమే అంటించిన చిహ్నాల పెట్టె, బిడ్డకు కాక పెట్టె తెరిచే టీచరుకు ఉపయోగపడుతుంది.

రోజు గడిచే క్రమాన్ని తెలిపేందుకు దినచర్య పెట్టె వాడుతారు. ఎడమ నుంచి కుడికి వరుసగా అమర్చిన చిన్న అరలలో ఆనాటి పనుల చిహ్నాలు ఉంటాయి. పని ముగియగానే బిడ్డ స్వయంగా ఆ చిహ్నాన్ని 'అయిపోయింది' డబ్బాలో వేస్తాడు. కాలం చేతికి అందడమంటే ఇదే. ఇకముందు ఏమి జరగబోతుందో తెలియని బిడ్డను హఠాత్తుగా పట్టుకొని బస్సు ఎక్కిస్తే ఏడుస్తాడు, కొడతాడు, కొరుకుతాడు. దానిని మొండితనంగా లెక్కిస్తారు. బస్సు కడ్డీ వంటి గొట్టం ముక్క ముందుగా చేతికి వస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. బిడ్డ తనంతట తానే ఆ ముక్కను తీసి ఇచ్చిన నాడు చిహ్నం కోరికగా మారుతుంది. అప్పుడు బస్సు లేకపోయినా సమాధానం చెప్పవలసి ఉంటుంది. అడిగిన మాటకు జవాబు రాకపోతే అడగడం మానేస్తారు పిల్లలు, చూపున్నా లేకపోయినా.

తెలంగాణలో మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలు, ఇంటివద్దకు వెళ్ళి బోధించే రిసోర్స్ ఉపాధ్యాయులు ఈ పనికి సహజమైన వేదికలు. కావలసిన సామగ్రి అట్ట, జిగురు, ఇంట్లోని పాత వస్తువులు. కష్టం సామగ్రిలో లేదు, నిలకడలో ఉన్నది. కేంద్రంలో ఒక చిహ్నం, ఇంట్లో మరొకటి ఉంటే బిడ్డకు రెండూ పనికిరావు. ఉపాధ్యాయులు మారినప్పుడు కొత్తవారు 'ఈ చెత్త ముక్కలేమిటి' అని పెట్టెను పక్కన పెట్టడం, లేదా అందంగా ఉన్న కొత్త చిహ్నాలు తయారుచేయడం జరిగితే, ఆ బిడ్డ అప్పటిదాకా సంపాదించుకొన్న మాటలన్నీ ఒక్కరోజులో పోతాయి. మాట్లాడే బిడ్డ నిఘంటువు తన తలలో ఉంటుంది. ఈ బిడ్డ నిఘంటువు సగం ఆ పెట్టెలో ఉంటుంది. అందుకే ప్రతి చిహ్నం ఏమిటి, ఏ పనికి, ఏ భాషలో ఏ మాటతో అందించాలి, బిడ్డ దానిని పట్టుకొన్నట్టు ఎలా తెలుస్తుంది అన్న వివరాలతో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టెతో పాటే ఉండాలి. దాని ప్రతి ఒకటి ఇంట్లో ఉండాలి. బిడ్డ మరో బడికో వసతి గృహానికో మారితే బదిలీ ధ్రువపత్రంతో పాటు పెట్టె, పుస్తకం రెండూ వెళ్ళాలి.