స్వర సంగమం

ఉద్దేశం: భిన్న సంగీత సంప్రదాయాలు ఒకే వేదికపై కలవడానికి కళాకారులకు ఉండవలసిన అర్హతను తెలపడం.

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో నేడు సినిమా పాటను సాధారణంగా భాగాలుగా ముద్రిస్తారు. వేణువు ఒకనాడు, వయొలిన్ మరొకనాడు, గాయకుని గళం వేరొకనాడు ముద్రించి, తరువాత అన్నింటినీ కంప్యూటరులో జతచేస్తారు. పొరపాటు దొర్లితే ఆ భాగాన్ని మాత్రమే మారుస్తారు. తెలుగు చిత్రాలు మద్రాసులో తయారైన తొలి దశాబ్దాలలో ఈ వెసులుబాటు లేదు. గాయకులు, వాద్యబృందం ఒకేచోట కూడి పాటను పూర్తిచేసేవారు. ఒక్కరు తడబడినా అందరూ మళ్ళీ మొదలుపెట్టవలసిందే. శ్రోతల సమక్షంలో జరిగే కచేరీని ముద్రించడం ఇంతకంటె కఠినం. అక్కడ రెండవ అవకాశం ఉండదు. దీనినే ప్రత్యక్ష ధ్వనిముద్రణ లేదా లైవ్ రికార్డింగ్ అంటారు.

వేర్వేరు సంప్రదాయాలవారు కలిసి వాయించేటప్పుడు ఈ పరీక్ష మరింత తీవ్రమవుతుంది. టాంగో దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిర్స్, మాంటెవిడియో రేవు పట్టణాలలో పంతొమ్మిదవ శతాబ్ది చివర రూపుదిద్దుకొన్న నృత్య సంగీతం. జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల సృష్టి. అప్పటికప్పుడు కల్పించి వాయించడం దానికి ప్రాణం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ప్రధానంగా స్వరలిపిని అనుసరిస్తుంది. మన కర్ణాటక సంగీతంలో కృతి నిర్ణీతం, కల్పనస్వరం కళాకారుని మనోధర్మం.

టాంగోను జాజ్‌తో, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతో మేళవించినవాడు అర్జెంటీనాకు చెందిన ఆస్టర్ పియాజొల్లా (1921–1992). ఆయన 1954లో పారిస్ వెళ్ళి నాడియా బులాంజే వద్ద స్వరరచన అభ్యసించాడు. టాంగో తక్కువదని భావించి, తాను ఆ సంగీతకారుడనన్న సంగతి మొదట దాచాడు. ఆ గురువు ఆయన టాంగో విని, అసలైన పియాజొల్లా అందులోనే ఉన్నాడని, దానిని విడువవద్దని బోధించింది. 1986లో స్విట్జర్లాండులోని మాంట్రో జాజ్ ఉత్సవంలో ఆయన జాజ్ వాద్యకారుడు గ్యారీ బర్టన్‌తో కలిసి చేసిన కచేరీ ప్రత్యక్ష ధ్వనిముద్రణగా వెలువడింది.

తెలుగునేల నుండి ఇటువంటి సంగమంలో నిలిచినవాడు మాండలిన్ శ్రీనివాస్. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే శిష్యుడు ఆ గానాన్ని తీగలపై పలికించేవాడు. మాండలిన్ నాదం మీటిన వెంటనే క్షీణిస్తుంది. కర్ణాటక సంగీతానికి గమకం జీవం. అందుకే శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించి, జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలను అమర్చుకొన్నాడు. పద్నాలుగేళ్ళ ప్రాయంలో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశాడు.

ఆ తరువాత ఆయన ఆంగ్లేయ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరాడు. ఈ బృందం 2000 డిసెంబరులో ముంబయిలో చేసిన కచేరీలు 2001లో ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ పేరుతో ప్రత్యక్ష ధ్వనిముద్రణగా వెలువడ్డాయి. సెల్వగణేశ్ కంజిర, శంకర్ మహదేవన్ గానం, శివకుమార్ శర్మ సంతూర్ ఇందులో వినిపిస్తాయి. మాండలిన్ ఒక స్వరగుచ్ఛాన్ని విసిరితే గిటార్ దానిని అందుకొని మరొక రీతిలో బదులిస్తుంది. ఈ సంవాదం సాధ్యం కావడానికి కారణముంది. మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చినవాడు, శ్రీనివాస్ త్యాగరాజ కృతులలో పెరిగినవాడు. ఎదుటివారి భాషను వినగలిగిన ఓర్పు ఇద్దరికీ ఉంది.

ఇతర సంగీతాలతో కలిస్తే మన సంప్రదాయం కలుషితమవుతుందన్న భయం కొందరిది. అది పూర్తిగా నిరాధారం కాదు. సాధన లేని కలయిక కలగాపులగమే. కాని వాద్యానికి జన్మభూమి అడ్డు కాదు. పియాజొల్లా వాయించిన బాండోనియాన్ జర్మనీలో పుట్టింది. మాండలిన్ ఇటలీది. ఐరోపా నుండి వచ్చిన వయొలిన్ ద్వారం వేంకటస్వామి నాయుడు చేతిలో తెలుగువారి సొంతమైంది.

శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే కన్నుమూశాడు. ఆయన కచేరీల ముద్రణలు మాత్రం నిలిచి ఉన్నాయి. సొంత సంప్రదాయంలో వేళ్ళూనినవానికే పరాయి సంప్రదాయంతో సమానంగా మాట్లాడగల శక్తి కలుగుతుందని అవి నేటికీ చాటుతున్నాయి.