సెల్‌ఫోన్ ఉంటే లాభమా, నష్టమా?



ఈ నెల గోడ పత్రికకి "సెల్‌ఫోన్ వలన లాభములు, నష్టములు" అనే విషయం మీద రాయమని తెలుగు మాస్టారు నాకు అప్పగించారు. మొదట నేను కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్క లాభాలు, కుడి పక్క నష్టాలు రాసి పట్టుకెళ్ళాను. మాస్టారు చూసి, "ఇది గైడులో కూడా ఉందిరా, నీకు తెలిసింది రాయి" అన్నారు. అందుకని అది చింపేసి మళ్ళీ రాస్తున్నాను. అక్షరాలు చిన్నవైపోతే క్షమించాలి, చార్టు ఒక్కటే ఇచ్చారు.

ముందు దీని పుట్టుక గురించి కొంచెం. చేత్తో పట్టుకుని మాట్లాడే సెల్‌ఫోనుతో మొదటిసారి మాట్లాడినవాడు మార్టిన్ కూపర్ అనే అమెరికా ఇంజనీరు. 1973 ఏప్రిల్ 3న, న్యూయార్క్ వీధిలో. ఆ ఫోను బరువు సుమారు ఒక కిలో ఉండేదట. మన దేశంలో 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అదే మొదటి సెల్‌ఫోన్ కాల్. ఆ రోజుల్లో ఫోను చేసినవాళ్ళకే కాదు, ఎత్తినవాళ్ళకి కూడా డబ్బులు పడేవి. 2003 నుంచి ఎత్తినందుకు డబ్బులు లేవు. మిస్డ్ కాల్ ఇవ్వడం అనేది ఎంత గొప్ప విద్యో మన పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు.

సెల్ అంటే అర, చిన్న గది అని అర్థం. మనం తేనెపట్టు చూశాం కదా, దానిలో అరలు ఒకదాని పక్కన ఒకటి అంటుకుని ఉంటాయి. అలాగే ఫోను కంపెనీవాళ్ళు ఊళ్ళన్నీ అరలుగా లెక్కేసుకుని అర అరకీ టవరు పెడతారు. మనం బస్సులో వెళ్తుంటే మాట తెగిపోకుండా ఒక టవరు మనల్ని ఇంకో టవరుకి అప్పజెప్తుంది. మైదానంలో ఇది బాగానే జరుగుతుంది. మన దగ్గరే చిక్కు. టవరు నుంచి వచ్చే తరంగాలు చాలావరకు తిన్నగా వస్తాయి, మధ్యలో కొండ అడ్డుంటే వెనకున్న ఊరికి అందవు. మా ఊరు అలాంటి కొండ వెనకే ఉంది. ఊరి పైన ఒక పెద్ద బండ ఉంది, దాని మీద నిలబడితే రెండు గీతలు వస్తాయి. దానికి ఇదివరకు ఏదో పేరు ఉండేది, ఇప్పుడు అందరూ సిగ్నల్ బండ అనే అంటున్నారు.

ఇంకొక సంగతి. టవరు దూరమైతే ఫోను ఎక్కువ బలం పెట్టి అరవాలి, సిగ్నల్ లేకపోతే వెతుక్కుంటూనే ఉండాలి. అందుకే మన ఊళ్ళలో ఏమీ మాట్లాడకపోయినా ఛార్జింగ్ దిగిపోతుంది. సంతలో కొన్న ఫోను మోసం అని మా మామయ్య దుకాణం వాడితో దెబ్బలాడాడు గానీ, తప్పు ఫోనుది కాదు, కొండది.

కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో, సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 4జి ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మన ఏజెన్సీలో కూడా చాలాచోట్ల కొత్త టవర్లు లేచాయి. మా ఊరికి మాత్రం ఇంకా బండే టవరు.

లాభం అంటే నాకు మొదట గుర్తొచ్చేది మా చిన్నమ్మ. రెండేళ్ళ కిందట వానాకాలంలో రాత్రిపూట ఆమెకి పురిటి నొప్పులు వచ్చాయి. మా చిన్నాన్న టార్చిలైటు పట్టుకుని బండ ఎక్కి 108కి ఫోను చేశాడు. వాళ్ళు రోడ్డు ఉన్నంతవరకు వస్తాం, మీరు అక్కడికి తీసుకురండి అన్నారు. మావాళ్ళు డోలీ కట్టి మోసుకుంటూ దిగుతుంటే, అదే సమయంలో అవతల నుంచి బండి ఎక్కుతోంది. ఇద్దరూ దాదాపు ఒకేసారి రోడ్డు దగ్గర కలుసుకున్నారు. ఫోను లేని రోజుల్లో ముందు ఒక మనిషి కిందకి పరుగెత్తాలి, బండి దొరకాలి, అప్పుడు పైకి కబురు రావాలి. డోలీ ఇప్పుడూ తప్పలేదు గానీ రెండు పనులు ఒకేసారి జరిగాయి. మా చెల్లి (ఆ రాత్రి పుట్టినది) ఇప్పుడు నడుస్తోంది.

మిరియాలు, పసుపు ధర సంతకి దిగకముందే తెలుసుకోవడం, వలస వెళ్ళినవాళ్ళ క్షేమం తెలియడం, కరోనా రోజుల్లో మా అక్క అదే బండ మీద గొడుగు వేసుకుని పాఠాలు వినడం, ఇవన్నీ కూడా లాభాలే. ఇవి మీకు తెలిసినవే, పొడిగించను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా నాన్న నంబరు నాకు మూడో తరగతి నుంచి నోటికి వచ్చు. మన హాస్టల్లో ఆదివారం మన వంతు వచ్చినప్పుడు ఆ పది అంకెలు చూడకుండా నొక్కుతాను. పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో నాన్న దగ్గర డబ్బుల్లేక రీచార్జి ఆపేశాడు. "కాఫీ అమ్మేక వేయిస్తానురా, అందాకా చిన్నాన్న ఫోనుకి చెయ్యి" అన్నాడు. అలాగే చేసేవాణ్ణి. కాఫీ పళ్ళు కోత అయ్యాక, డిసెంబరులో ఒక ఆదివారం, వేయించే ఉంటాడని నాన్న నంబరే నొక్కాను. రింగ్ అయ్యింది! నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అవతల ఎవరో, "హలో, ఎవరు గావాలె?" అన్నారు.

నేను "నాన్నా" అన్నాను. "రాంగ్ నంబర్ తమ్మీ" అన్నారు. నేను అంకెలు మళ్ళీ చూసుకున్నాను, సరిగ్గానే ఉన్నాయి. మా నాన్న ఫోను ఈ మనిషి చేతికి ఎలా వెళ్ళింది, నాన్నకి ఏమైంది అని కాళ్ళు చల్లబడిపోయాయి. వెనక లైనులో ఉన్నవాళ్ళు తొందర పెడుతున్నారు. మళ్ళీ చేస్తే ఆయన విసుక్కోలేదు. ఆయనది తెలంగాణ అట. నెల కిందట కొత్త సిమ్ము కొంటే ఈ నంబరు ఇచ్చారట. "మీ బ్యాంకు మెసేజిలు నాకే వస్తున్నయ్. ఎవరివో తెల్వక ఊకున్న. బ్యాంకుల నంబరు మార్పియ్యమని మీ నాయనకు చెప్పు" అన్నారు.

వార్డెన్ మాస్టారు నా ముఖం చూసి ఇంకో రెండు నిమిషాలు ఇచ్చారు. చిన్నాన్న నంబరుకి చేస్తే నాన్న పక్కనే ఉన్నాడు. "ఆ సిమ్ము పోనాదిరా బాబూ, కొత్తది తీసుకోవాలి. నీకు చెప్దామనుకుని మర్చిపోయాను" అన్నాడు. నాన్నకి అది ఒక సిమ్ము ముక్క పోవడమే.

కానీ పోయింది ముక్క కాదు. అమ్మ బ్యాంకు ఖాతాకి రాయించింది ఆ నంబరే. ఆధార్‌కి కూడా అదే. డబ్బులు పడితే మెసేజ్ ఆయనకి వెళ్తుంది. ఏదైనా పని మీద ఓటీపీ పంపితే అదీ ఆయనకే. మెసేజ్ రాలేదు కాబట్టి డబ్బులు పడలేదనుకుని కొన్నాళ్ళు, పడ్డాయేమో చూద్దామని కొన్నాళ్ళు, అమ్మ మూడుసార్లు కొండ దిగి బ్యాంకుకి వెళ్ళి వచ్చింది. మూడు రోజుల కూలి, ఆటో ఖర్చు. ఆ తెలంగాణ ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందని సైన్సు మాస్టారిని అడిగి, పేపర్లు చూసి తెలుసుకున్నది రాస్తున్నాను. ఫోన్ల మీద నియమాలు పెట్టే సంస్థ పేరు ట్రాయ్. 2013లో వాళ్ళు పెట్టిన నియమం ప్రకారం ప్రీపెయిడ్ సిమ్మును 90 రోజులు దేనికీ వాడకపోతే, అంటే కాల్, మెసేజ్, నెట్టు ఏదీ లేకపోతే, కంపెనీ దాన్ని మూసేయవచ్చు. ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్సు ఉంటే మాత్రం అలా మూసేయకూడదు. మూసేసిన నంబరును కనీసం ఇంకో 90 రోజుల వరకు వేరేవాళ్ళకి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టుకి చెప్పారు. ఆ తర్వాత ఇవ్వవచ్చు. ఫిబ్రవరి నుంచి లెక్కేస్తే మా నంబరుకి ఎప్పుడో కాలం చెల్లింది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు రెండైనా ఫోన్లకి మాత్రం ఒకటే సర్కిల్, అందుకే అది అక్కడ తేలింది.

కాబట్టి ఫోను కొనడం అంటే ఫోను ధర ఒక్కటే కాదు. రీచార్జి 199 రూపాయలు అనుకుందాం. నెల అంటారు గానీ దాని గడువు 28 రోజులు. సంవత్సరానికి పన్నెండు సార్లు కాదు, 13 సార్లు వేయించాలి (28ని 13తో గుణించి చూడండి, 364 వస్తుంది). 199ని 13తో గుణిస్తే 2,587 రూపాయలు. ఇంట్లో రెండు సిమ్ములుంటే 5,174. బటన్ ఫోను ధర కంటే అది తినే తిండి ఎక్కువ! మా నాన్నకి నెట్టు అక్కర్లేదు, వాట్సాప్ లేదు, అయినా ఇన్నాళ్ళూ నెట్టుతో కలిపిన రీచార్జికే డబ్బులు కట్టాడు. 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశం ఇచ్చింది, నెట్టు లేకుండా మాటలకి, మెసేజిలకి మాత్రమే పనికొచ్చే రీచార్జి కూడా కంపెనీలన్నీ అమ్మాలని. 2025 నుంచి అవి వచ్చాయి. ఎక్కువ రోజులవి కూడా ఉన్నాయి. సంతలో దుకాణం దగ్గర మనం అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఈ వారం మీ వంతు వచ్చినప్పుడు ఇంట్లో ఒక ప్రశ్న వేయండి. చేతిలో ఉన్న నంబరు, బ్యాంకులో ఉన్న నంబరు ఒకటేనా? మా గదిలో తొమ్మిది మందిమి అడిగాం. ఇద్దరి ఇళ్ళలో వేరు వేరుగా ఉన్నాయి. ఇంకొకరి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని అందరికీ తెలుసు. అయినా మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఫోను కొన్న రోజే *#06# నొక్కితే 15 అంకెలు కనిపిస్తాయి, అది ఫోనుకి గోత్రనామం లాంటిది. ఎక్కడైనా రాసి పెట్టుకుంటే, ఫోను పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు పెట్టి, సంచార్ సాథీలో ఆ అంకెలు ఇచ్చి ఫోను పనిచెయ్యకుండా కట్టించవచ్చు.

ఇక మనం ఎక్కువగా తిట్లు తినే నష్టం గురించి. ఈ పేరా వార్డెన్ మాస్టారు చదవకపోయినా పర్వాలేదు. పోయిన ఏడు మా సీనియర్ల గదిలో ఒక టచ్ ఫోను పెట్టె అడుగున ఉండేది. ఏడుగురికి ఒకటే. దుప్పటి కప్పుకుని చూసేవాళ్ళం, నేను కూడా. ఒక సినిమా అయితే రెండున్నర గంటలకి శుభం పడుతుంది. రీల్స్‌కి శుభం కార్డు లేదు, ఒకటి అయ్యేలోపే ఇంకోటి వస్తుంది. ఆపమని అది చెప్పదు, మనమే ఆపాలి, రాత్రి పన్నెండింటికి ఎవరికి అంత బుద్ధి ఉంటుంది? స్టడీ అవర్‌లో నిద్రపోయి గోడకి తల కొట్టుకున్నవాడు ఎవడో మీ అందరికీ తెలుసు. అయితే ఒక మాట చెప్పాలి. ఆ ఫోనులోనే లెక్కల పాఠం చూసి త్రికోణమితి అర్థం చేసుకున్న అన్న కూడా ఆ ఏడుగురిలోనే ఉన్నాడు. ఆయన చూసిన పాఠాలు మూడు. మిగతా ఆరుగురం చూసినవి లెక్కపెట్టలేదు.

మా అన్నయ్య విశాఖపట్నంలో సెంట్రింగ్ పనికి వెళ్తున్నాడు. పరీక్షలవగానే నాకు టచ్ ఫోను కొంటానన్నాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అబద్ధం ఎందుకు రాయాలి. కానీ అమ్మకి ఇంతవరకు ఫోను లేదు. నాన్న పోడుకి వెళ్తే ఫోను నాన్నతోనే వెళ్ళిపోతుంది. అమ్మకి చదువు రాదు, అయినా బటన్ ఫోనులో 2 మీద నొక్కి పట్టుకుంటే నేరుగా హాస్టల్ నంబరుకి వెళ్ళేలాగ పెట్టవచ్చు, 3 మీద అన్నయ్య నంబరు. సంక్రాంతి సెలవుల్లో చిన్నాన్న ఫోనులో చేసి చూపించాను. అమ్మ మూడుసార్లు నొక్కి, మూడుసార్లూ అన్నయ్య పలికేసరికి నవ్వి, "ఇంతేనేటి" అంది.

నాన్న సోమవారం ఆధార్ కార్డు, పాసుబుక్కు పట్టుకుని బ్యాంకుకి వెళ్తానన్నాడు, అమ్మ కూడా వెళ్ళాలి, ఖాతా అమ్మదే కాబట్టి సంతకం బదులు వేలిముద్ర అమ్మే వేయాలి. ఈ ఆదివారం నా వంతు పద్నాలుగోది. ముందు అన్నయ్యకే చేస్తాను. టచ్ ఫోను డబ్బుల్లోంచి ముందు అమ్మ పేరు మీద ఒక సిమ్ము, బటన్ ఫోను, సంవత్సరం రీచార్జి వస్తాయేమో కనుక్కుని, మిగిలినదాంట్లో నాకేం వస్తుందో అడుగుతాను.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి